రెండు తాళాల గది

ఆ రోజు పంచాయితీలో అందరినీ అడిగారు. పెదనాన్నను అడిగారు, మా నాన్నను అడిగారు, గుమ్మం చాటున నిలబడ్డ మా అమ్మను అడిగారు, తలుపు ఊడదీసిన మోషే మేస్త్రిని అడిగారు. చివరికి పెదనాన్న కొడుకు సాంబన్నయ్యను కూడా అడిగారు. గదిలో చిక్కుకుపోయినవాణ్ణి నేను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అరవై ఏళ్ళు గడిచాయి. పెళ్ళిళ్ళలో, దినాల్లో, బంధువులంతా భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ కథ నవ్వులాటగా చెప్పుకుంటూనే ఉన్నారు. చెప్పేవాళ్ళలో ఒక్కరు కూడా నావైపు తిరిగి, ఏరా, అసలేం జరిగింది అని అడిగిన పాపాన పోలేదు.

పోయిన నెల బాపట్ల నుంచి సాంబన్నయ్య పంపిన కవరొకటి వచ్చింది. లోపల నాలుగు కాగితాలు. సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో తెలియడానికి పచ్చరంగు చీటీలు అంటించి, పెన్సిలుతో ఇంటూ గుర్తులు కూడా పెట్టారు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో పాత ఇంటి నడిమి గది గురించిన కాగితాలవి. ఆ గది మొదటి నుంచీ పెదనాన్నగారి స్వాధీనంలోనే ఉందనీ, దాని మీద నాకు ఏ హక్కూ లేదనీ, వాళ్ళు అమ్ముకుంటే నాకేమీ అభ్యంతరం లేదనీ రాసి ఉంది. ఎలా ఉన్నావురా అన్న ముక్క ఎక్కడైనా ఉంటుందేమోనని కాగితాలు తిరగేసి చూశాను, కవరు దులిపి చూశాను. లేదు. సంతకం పెట్టకుండా తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని ఆ మొదటి నుంచీ అన్న మాటనే చూస్తూ ఉండిపోయాను. చూస్తున్నకొద్దీ కాగితంలోంచి పాత బెల్లం వాసన, గోనెసంచుల వాసన వచ్చినట్టయింది. మొదటి నుంచీ ఏముందో నాకు తెలుసు. ఆ తలుపుకి రెండు తాళాలుండేవి. ఒకటి పెదనాన్నది, ఒకటి మా నాన్నది.

మా వైపు అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. వాటాలు సమంగా వేయకపోతే నష్టపోయేది వేసినవాడే కాబట్టి పెద్దవాడి చెయ్యి అదుపులో ఉంటుందని ఆ పద్ధతి. పెదనాన్న కొబ్బరితాడు పట్టి ఇల్లంతా కొలిచి రెండు చేశాడు. నాన్న తూర్పు వాటా కోరుకున్నాడు. నడిమి గది దగ్గరికొచ్చేసరికి తాడు ఆగిపోయింది. దానికి ఒకటే దూలం, ఒకటే తలుపు, లోపల గోడలో కలిపి కట్టిన గాదె. అడ్డంగా గోడ పెడదామని పెదనాన్న, నిలువుగా పెడదామని నాన్న. ఆ అడ్డం నిలువుల మీదే ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పుడు మా నాయనమ్మ, "గోడా వద్దు, గీడా వద్దు. పై గొళ్ళేనికి నీ తాళం, కింది గడియకి వాడి తాళం. ఇద్దరూ వచ్చి నిలబడితేనే తలుపు తెరుచుకునేది. లేదంటే రెండు పొయ్యిల మీదా ఉత్త నీళ్ళే మరుగుతాయి," అంది. అన్నట్టుగానే బియ్యం, పప్పు, చింతపండు, బెల్లం, ఊరగాయ జాడీలు, రెండిళ్ళ తిండీ ఆ గదిలోకి చేర్పించింది.

నాకు ఊహ తెలిసేసరికి అది రోజూ జరిగే పూజలాంటిదైపోయింది. పాలు తీయడం అయి, పొయ్యిలు అంటుకుని, పొగ పెంకుల సందుల్లోంచి పైకి పాకుతూ ఉండగా పెదనాన్న పడమటి వాకిట్లోంచి, నాన్న తూర్పు వాకిట్లోంచి వచ్చి ఆ తలుపు ముందు నిలబడేవారు. పెదనాన్న దగ్గర చుట్ట కంపు, నాన్న దగ్గర వేపపుల్ల వాసన. తాళంచెవులు ఇద్దరి మొలతాళ్ళకీ ఉండేవి. మాటలు లేవు కదా, ఏదన్నా చెప్పాలంటే మధ్యలో నిలబడ్డ నాయనమ్మకి చెప్పేవారు.

"అమ్మా, పల్లపు చేలోకి నీళ్ళు ఎక్కువొస్తున్నాయంట. గండి పెట్టమని చెప్పు ఆ పెద్దమనిషితో."

"నేను నిన్ననే పెట్టాను. కళ్ళు కనపడితే చూసుకోమను."

"ఇదిగో, ఇద్దరూ వినండి," అనేది నాయనమ్మ. "నా చెవులు రెండే. అవి మీ ఇద్దరికీ సగం సగం పంచలేదు. తాళాలు తియ్యండి ముందు."

ఇప్పుడు ఆలోచిస్తే, మాటలు లేని ఆ రోజుల్లో ఆ తలుపు ముందు వాళ్ళు మాట్లాడుకోనిదంటూ లేదు. ఎవరికి జ్వరమొచ్చింది, ఏ గేదె చూడి కట్టింది, ఎవరి పిల్లవాడు లెక్కల్లో తప్పాడు, అన్నీ నాయనమ్మ మీదుగా అటూ ఇటూ దాటేవి. ఒకరోజు నాన్న దగ్గుతుంటే పెదనాన్న పైకప్పు వైపు చూస్తూ, "మిరియాల కషాయం తాగితే పోతుంది ఇలాంటి దగ్గు," అన్నాడు. ఆ సాయంత్రం నాన్న అమ్మ చేత కషాయం పెట్టించుకుని తాగడం నేను చూశాను.

గది లోపల పగలు కూడా చీకటే. పైకప్పులో ఒకచోట మట్టిపెంకు బదులు గాజుపెంకు వేశారు. అందులోంచి పలకంత వెలుతురు నేలమీద పడి, పొద్దు తిరుగుతుంటే తనూ జరుగుతూ, ఒక్కొక్క జాడీనే పలకరించినట్టు పోయేది. నిరుడు పెట్టిన ఆవకాయ ఘాటు, ఇంగువ, ఎండుమిరపకాయలు, గాదెలో ధాన్యపు తీపి, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి రాని ఇత్తడి గుండిగల చల్లటి వాసన. ఇప్పటికీ ఏ కిరాణా కొట్లోనో ఆ వాసనల్లో రెండు మూడు కలిసి తగిలితే నేను కొనాల్సిన సరుకు మర్చిపోయి నిలబడిపోతాను.

ఆ రోజు ఇద్దరూ తొందరలో ఉన్నారు. పెదనాన్న విత్తనాల కోసం బాపట్ల వెళ్ళాలి. నాన్నకి కళ్ళజోడు చేయించుకోవడానికి తెనాలి వెళ్ళే రైలు అందాలి. నాయనమ్మ, అమ్మ, పెద్దమ్మ కావలసినవి తీసుకుని బయటికొచ్చారు. సాంబన్నయ్య నాకంటే మూడేళ్ళు పెద్ద. అతని జేబు నిండా వేయించిన వేరుశెనక్కాయలున్నాయి.

"ఒరే రామూ, బెల్లముంటే ఎంత బాగుంటుందో తెలుసా?"

"నాయనమ్మనడుగు."

"అడిగితే ఇస్తుందా, వేలెడు ముక్క! నువ్వు పొట్టిగా ఉంటావు, ఎవరికీ కనపడవు. దూరి తీసుకురా. నేనిక్కడే ఉంటాగా."

ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నేనిక్కడే ఉంటాగా. నేను దూరాను. అచ్చులోంచి ముక్క విరుస్తుండగా పెదనాన్న చెప్పుల చప్పుడైంది. భయపడి పెద్ద గుండిగ వెనక కూర్చున్నాను. తలుపు మూసుకుంది. పైన గొళ్ళెం పడింది, కింద గడియ పడింది. తాళాలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకున్న చప్పుడు విన్నాను. కేకెయ్యొచ్చు. వెయ్యలేదు. వేస్తే చేతిలో బెల్లంతో దొరికిపోతాను. బయట అన్నయ్య ఉన్నాడు కదా, పెద్దవాళ్ళు వెళ్ళిపోయేలోగా ఏదో ఒకటి చెప్పి తాళాలు తీయిస్తాడు అనుకున్నాను. ఒక తాళంచెవి రైలుస్టేషను దారి పట్టిందనీ, ఇంకొకటి బస్సెక్కుతుందనీ నాకు తట్టలేదు.

మొదట్లో భయం వేయలేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. ఆ గదిలో ఒంటరిగా ఉండడం అదే మొదలు. వెలుతురు పలక కారం జాడీ మీద ఉంది. అది చింతకాయ పచ్చడి దగ్గరికి వచ్చేలోపు అన్నయ్య వస్తాడని పందెం కాసుకున్నాను. అది చింతకాయ దాటింది, ఉసిరి దాటింది. బయట లోకం తలుపు కొయ్యలోంచి వడగట్టుకుని వచ్చేది. రోటి చప్పుడు ఎక్కడో ఏటి అవతల దంచుతున్నట్టు, పెద్దమ్మ గొంతు నూతిలోంచి వస్తున్నట్టు. గుండిగకి చెవి ఆనిస్తే అది ఊఁ అంటూ ఏదో చెబుతూనే ఉంది. వడ్లబస్తా మీద పడుకున్నాను. చేతిలో బెల్లం కరిగి వేళ్ళు అంటుకుపోయాయి. అన్నయ్యకని తీసింది కాబట్టి చాలాసేపు తినలేదు. తర్వాత ఒక మూల కొరికాను. తర్వాత నిద్రపట్టింది. ఆ నిద్రలో గాజుపెంకు మీద నీళ్ళు పారుతున్నట్టు, నేను ఏదో చల్లటి కాలవ అడుగున పడుకుని పైన నడిచేవాళ్ళ కాళ్ళు చూస్తున్నట్టు కల వచ్చింది.

నేను ఆ కలలో ఉన్నప్పుడు మా అమ్మ నిజంగానే కాలవ దగ్గర ఉంది. అన్నం వేళకి నేను కనపడకపోయేసరికి బడికెళ్ళి చూసి, పాకలు చూసి, కాలవ గట్టున పరిగెత్తిందట. రేవు రేవునా దిగి, బట్టలుతికేవాళ్ళని పట్టుకుని, మా వాడిని చూశారా అని అడిగిందట. సాంబన్నయ్య ఆమె వెంటే ఉన్నాడు. "అన్నిచోట్లా నా పక్కనే నడిచాడు రా, పాపం, నోట మాట లేదు వాడికి," అని అమ్మ చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆమె అది జాలిగా చెప్పింది. నేను జాలిగా వినలేదు.

అమ్మ ఏడుస్తూ ఇంట్లోకి వచ్చిన చప్పుడుకి నాకు మెలకువ వచ్చి, "అమ్మా, ఇక్కడున్నాను," అన్నాను. ఆ మాటకి అమ్మ తలుపు మీద పడి రెండు చేతులతో కొట్టింది. నాకప్పుడు భయమేసింది. అమ్మ పచ్చడిబండ తీసుకుని తాళం పగలగొట్టబోతే పెద్దమ్మ అడ్డుపడింది.

"నీది నువ్వు పగలగొట్టుకో చెల్లీ. మాది మాత్రం నేను ముట్టుకోను. మీ బావగారి సంగతి నీకు తెలియంది కాదుగా."

"మాదొక్కటీ పగలగొడితే ఏం లాభం అక్కయ్యా? సగం తలుపు తెరుచుకుంటుందా?"

"అయితే నేనేం చేసేది? ఆయనొచ్చి, ఎవర్నడిగి పగలగొట్టావే అంటే?"

"లోపల ఉంది బిడ్డ అక్కయ్యా! బెల్లపుకుండ కాదు!"

నాయనమ్మ ఇద్దరినీ పక్కకి జరిపి తలుపు సందు దగ్గర నోరు పెట్టింది. "రామూ, గాజుపెంకు కింద కూచో నాయనా. నీ పక్కన పెసరపప్పు డబ్బా ఉంది చూడు, గింజలు లెక్కపెట్టు. నీకు నూరు దాటి రాదుగా, నూరయినప్పుడల్లా నాకు చెప్పు." నేను లెక్కపెట్టాను. ఎన్ని నూర్లు చెప్పానో గుర్తులేదు. ప్రతిసారీ అవతల నుంచి ఆమె, "బాగుంది, మళ్ళీ మొదలెట్టు," అంటూనే ఉంది.

ఇంతలో వడ్రంగి మోషే మేస్త్రిని పిలుచుకొచ్చారు. ఆయన తలుపు చుట్టూ చూసి, చెవిలో పెట్టుకున్న పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకుని, తాళాల వైపు వెళ్ళకుండా రెండోవైపు కూర్చున్నాడు. పాతకాలపు తలుపుకి బందులుండవు. పైనా కిందా కొయ్య బొడిపెలు గుంటల్లో తిరుగుతుంటాయి. గడ్డపారతో రెక్కని రెండు వేళ్ళంత పైకెత్తి, కింది బొడిపెని గుంటలోంచి తప్పించాడు. తలుపు అటువైపు నుంచి తెరుచుకుంది. నేను ఆ సందులోంచి వెలుతుర్లోకి వచ్చి పడ్డాను.

"తాళాలు రెండూ భద్రంగా ఉన్నాయి, చూసుకోండమ్మా," అన్నాడు మోషే మేస్త్రి. "నేను ముట్టుకోలేదు. రేపు అన్నదమ్ములిద్దరూ నా మీదికి రాకూడదు."

సాయంత్రం నాన్న, పెదనాన్న ఇంచుమించు ఒకేసారి ఇల్లు చేరారు. తలుపు ఒకవైపు ఊడి, రెండు తాళాల మీదా వేలాడుతోంది. అన్నదమ్ములు అటొకరు ఇటొకరు దాని ముందుకొచ్చారు. తర్వాత, అలవాటు చొప్పున అనుకుంటాను, ఇద్దరూ మొలతాళ్ళు తడుముకుని ఎవరి తాళం వాళ్ళు తీశారు. ఆధారం పోయి తలుపు దభీమని నేలమీద పడింది. దుమ్ములోంచి నాయనమ్మ నవ్వు వినపడింది. ఆమె వెనకాలే నాన్న నవ్వాడు. పెదనాన్న కూడా నవ్వబోయాడు. అప్పుడే పెద్దమ్మ నా చేతులు ఎత్తి చూపించింది. "చూడండి, బెల్లం."

మర్నాడు మునసబు గారు, ఇద్దరు పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అందరినీ అడిగి, చివర్లో, "ఏరా సాంబా, వీడు లోపలికి పోవడం నువ్వు చూశావా?" అన్నారు.

"లేదండి. నేను కొట్టంలో ఉన్నానండి."

నేను నోరు తెరిచాను. మునసబు గారు నావైపు చూడకుండానే, "పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి?" అని చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనపడుతుంది, చూపుడువేలికి వెండి ఉంగరంతో. తీర్పు చెప్పారు. ఉమ్మడి గదిలో చిన్నవాడి బిడ్డ చెయ్యి పెట్టాడు. పైగా రెండు తాళాలుండబట్టే బిడ్డ ప్రాణం మీదికొచ్చింది. ఇకమీదట ఒకటే తాళం ఉండాలి, అది పెద్దవాడి దగ్గర ఉండాలి. చిన్నవాడు ఏం కావాలన్నా అడిగి తీసుకోవాలి. ఎవరు విన్నా న్యాయమే అంటారు. నాన్న తాళంచెవి విప్పి నాయనమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇంట్లోకొచ్చాక నాతో, "బెల్లం కావాలంటే నన్నడగొచ్చుగదరా," అన్నాడు. అంతే. అన్నయ్య పంపితే వెళ్ళానని చెప్పి ఉండొచ్చు. అది నేను చెప్పేది కాదు, తనే చెప్పాలి అనుకున్నాను. ఈ రోజు చెబుతాడు, రేపు చెబుతాడు అని చూశాను. నాన్న పోయిన రోజు కూడా చూశాను.

నాన్న మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టలేదు. పెదనాన్నను ఏదీ అడగలేదు. బస్తాల్లో, డబ్బాల్లో మా తిండి మేం వేరే పెట్టుకున్నాం. పొద్దున ఆ వేళకి నాన్న గట్టు చుట్టూ తిరిగి దూరపు దారిన పొలం వెళ్ళేవాడు. పెదనాన్న మాత్రం యథాప్రకారం వచ్చి తలుపు ముందు నిలబడేవాడు. ఉన్నది ఒకటే తాళం, తీసి లోపలికి వెళ్ళొచ్చు. వెళ్ళేవాడు కాదు. చుట్ట చివరిదాకా కాలేవరకూ తూర్పు వాకిలి వైపు చూస్తూ నిలబడి, అప్పుడు తీసేవాడు. ఎన్నో పొద్దుల్లో అలా చూశాను ఆయన్ని. నాయనమ్మ పక్కనే ఉండేది గానీ, ఆమె చెవులతో ఇక ఎవరికీ పని లేకపోయింది. ఊళ్ళో అందరూ ఆ ఇంటి తగువు తీరిపోయిందన్నారు. నిజమే, తీరింది. తగువుతోపాటు ఆ రెండు వాకిళ్ళ మధ్య నడకా పోయింది. నాకు మిగిలింది బెల్లంగాడు అన్న పేరు. అది నా వెంట రేపల్లె హైస్కూలుకి వచ్చింది, పెళ్ళిపందిట్లోకి వచ్చింది. నా భార్యకి నా అసలు పేరు కంటే ముందు అదే చెప్పారు.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో మేడమీద డాబా అందరిదీ. అక్కడ ఎవరి వడియాలు ఎవరు తొక్కారన్నది కూడా ఫోనులో గ్రూపులో తేల్చుకుంటాం. ఎదురింటాయన ముఖం చూడకుండానే నాలుగు నెలలు ఆయనతో పోట్లాడాను, రాజీ కూడా పడ్డాను. మా నాయనమ్మ ఇది ఒప్పుకునేది కాదు. ఆమెకి చదువు రాదు. పడనివాళ్ళిద్దరు రోజుకొకసారి భుజం భుజం తగిలేలా నిలబడితే చాలని మాత్రం ఆమెకి తెలుసు. ఇప్పుడు కాగితాలు తెనాలి నుంచి బాపట్లకి, బాపట్ల నుంచి తెనాలికి తిరుగుతాయి. మనుషులు తిరగరు.

నేను తిరిగాను. కవరు వచ్చిన వారానికి బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. సాంబన్నయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. మోకాలికి ఏదో పట్టీ. అచ్చం పెదనాన్నలాగే తయారయ్యాడు, చుట్ట ఒక్కటే తక్కువ. అరవై ఏళ్ళలో మొదటిసారి సూటిగా అడిగాను.

"అన్నయ్యా, ఆ రోజు నేను బయటికి రాలేదని నీకు తెలుసా?"

"ఏ రోజురా?"

"ఏ రోజో నీకు తెలుసు."

మోకాలి పట్టీ సర్దుకున్నాడు. "భోంచేశావా?" అన్నాడు.

"నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"చిన్నపిల్లలంరా అప్పుడు. ఇంకా ఎందుకవన్నీ? మీ వదిన గుత్తొంకాయ చేసింది, తిని వెళ్ళు." లోపలికి తిరిగి, "రాముడొచ్చాడు, ఆకెయ్యి," అని కేకేశాడు. నేను తిన్నాను. కూర బాగుంది. ఎదురుగా కూర్చుని తనే నెయ్యి వడ్డించాడు. వెళ్ళేటప్పుడు గేటుదాకా కుంటుతూ వచ్చి, సంతకం సంగతి ఎత్తలేక, ఇంకేదో అనలేక, గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. ఫోను చేస్తే కొడుకు ఎత్తి, నాన్న పడుకున్నారు బాబాయ్ అంటాడు.

అందుకే ఇలా పత్రికకి రాస్తున్నాను. అన్నయ్యా, నువ్వు పేపరు దగ్గర్నుంచి పంచాంగం దాకా అన్నీ చదువుతావు, ఇది కూడా నీ చేతికి వస్తుంది. గది నువ్వే తీసుకో. పెంకులు కూలిపోయి, గోడలు మొండిగా మిగిలిన ఆ చోటు నాకెందుకు? మొదటి నుంచీ అన్న మాట కొట్టేసి, అది మా నాన్నదీ మీ నాన్నదీ అని రాసి పంపు. నా వాటా నీకు ఊరికే రాసిస్తాను. కానీ సంతకం కంటే ముందు నాకు జవాబు కావాలి. తెలియదు అంటావా, నమ్ముతాను. భయమేసి చెప్పలేదు అంటావా, నాకూ అప్పుడు భయమేసింది, అర్థం చేసుకుంటాను. తెలిసే ఊరుకున్నాను అన్నా సరే, ఆ మాటే చెప్పు. మా అమ్మ రేవు రేవునా దిగి నన్ను వెతుకుతుంటే పక్కన నడిచావు కదా, నేను ఎక్కడున్నానో నీకు తెలుసా, తెలియదా? మనిద్దరిలో ఎవరికీ ఇంకో అరవై ఏళ్ళు లేవు. భోజనం సంగతి తర్వాత. చెప్పు.